వాసన లేని చోటికి దారి

మా ఇంట్లో మనుషులం ఇద్దరం ఉండేవాళ్లం గానీ ముక్కు మాత్రం ఒక్కటే ఉండేది. అది నాది.

మా ఆయన ఇస్నాపూర్ అవతల ఒక మందుల కంపెనీలో పౌడర్ సెక్షన్‌లో పనిచేసేవాడు. ఎండిన మందును మరలో వేసి పొడి కొట్టడం, జల్లించడం, డ్రమ్ములకు ఎత్తడం అక్కడి పని. పెళ్లైన కొత్తలో ఆయనకూ ముక్కు ఉండేది. గడపలో కాలు పెడుతూనే పొయ్యి మీద ఉన్నది వంకాయో చింతచిగురో చెప్పేసేవాడు. తర్వాత తర్వాత అది పోయింది. ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. ఒకనాడు పొయ్యి మీద పాలు మాడి వీధి మొదటి దాకా కమురు వాసన వస్తుంటే, మా ఆయన ఆ పొయ్యి పక్కనే కూర్చుని తీరిగ్గా గోళ్లు తీసుకుంటున్నాడు. బడి నుంచి వచ్చి నేను కేకలు వేస్తే తలెత్తి "ఏం మాడింది?" అని అడిగాడు. ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

ఆ రోజు నుంచి ఇంటి ముక్కు ఉద్యోగం నాకు ఖాయమైంది. పెరుగు పులిసిందా, గ్యాసు లీకవుతోందా, చొక్కా ఉతకాలా వద్దా, అన్నీ నేనే చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఆదివారం ఉండేది. చర్చికి బయల్దేరే ముందు తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, గడప దగ్గర నా ముందు మెడ వంచి నిలబడేవాడు.

"టీచరమ్మా, జెర సూడు. వస్తున్నదా?"

కంపెనీ వాసన. అది ఒంటిని పట్టిందంటే సబ్బుకు ఒక పట్టాన లొంగదు. నేను ఆయన జుట్టు దగ్గర, చెవి వెనక వాసన చూసి ఉన్నమాట చెప్పేసేదాన్ని. "వస్తున్నది. పోయి మల్ల పోసుకో." నసగకుండా వెళ్లి మళ్లీ స్నానం చేసి వచ్చేవాడు. చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లు జరిగి కూర్చుంటే ఆయనకు చచ్చేంత సిగ్గు. నాకు ముక్కు మీద కోపమని మా బంధువులంతా అంటారు, నిజమే. కానీ గడప దగ్గర ఆ ముక్కుతో ఆయనకు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. అందుకే నా మాట మీద ఆయనకు అంత నమ్మకం.

ఆయన పోయి ఏడాది దాటింది. పిల్లలు లేరు మాకు. దాని గురించి ఏడ్వాల్సింది ఎప్పుడో ఏడ్చేశాం. ఇప్పుడు రాస్తున్నది మేమిద్దరం బండి మీద చేయాలనుకున్న ఒక ప్రయాణం గురించి.

దాన్ని మొదలుపెట్టింది మా ఇంట్లో కిరాయికి ఉన్న జార్ఖండ్ అతను. కింద రెండు గదులు కంపెనీ పనివాళ్లకు ఇచ్చాం. అందులో ఒకతను ఇస్నాపూర్‌కు రాకముందు లడాఖ్‌లో రోడ్డు పనికి వెళ్లేవాడు. కొండల్లో మంచు తొలగించడం, తారు కాచి పోయడం అతని పని. చలికాలం సాయంత్రం ఒకటి బాగా గుర్తుంది. చలికాలంలో మా దగ్గర పొద్దు గూకగానే కంపెనీల వాసన నేల మీదికి దిగి కూర్చుంటుంది. కుళ్లిన క్యాబేజీలో ఎవరో మందు కలిపినట్టు ఉంటుంది. నేను చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బట్టలు తీస్తున్నాను. ఆ జార్ఖండ్ అతను తువ్వాలుతో మూతి కట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఉన్నట్టుండి, "లడాఖ్ మే హవా ఖాలీ హై భయ్యా. కోయీ బూ నహీ" అన్నాడు మా ఆయనతో. అక్కడ గాలి ఖాళీగా ఉంటుందట, దానికి ఏ వాసనా ఉండదట. చెట్టూ చేమా ఉండదు, మనిషీ ఉండడు, ఇక వాసన ఎక్కడి నుంచి వస్తుందని అతని లెక్క. ఫోన్లో ఫొటోలు చూపించాడు. గోధుమరంగు కొండలు, వాటి మీద గీసినట్టు సన్నటి రోడ్డు.

మా ఆయన ఆ ఫోను చాలాసేపు వదల్లేదు. ఆ రాత్రి అన్నం దగ్గర అన్నాడు, "బండి మీద గాడికి పోదాం."

నాకు నవ్వొచ్చింది. "వాసన తెల్వని ముక్కుకు వాసన లేని ఊరెందుకయ్యా? నీకు ఈడైనా ఆడైనా ఒక్కటే గద!"

"నాకెందుకే? నీ కోసం" అన్నాడు. "ఇన్నేండ్ల సంది ఈ ఇంటి వాసనలన్నీ నువ్వొక్కదానివే మోస్తున్నవ్. నా ఒంటి మీదిది గూడ. ఒక్క వారం రోజులు నీ ముక్కుకు రెస్టు ఇద్దాం."

  ఆయన కంచంలో మజ్జిగ పోశాను.

అలా మొదలైంది. నా బడి సంచీలో సుద్దముక్కలు ఎప్పుడూ ఉండేవి. వాటితో డాబా పిట్టగోడ మీద దారి గీశాడు. కింద ఇస్నాపూర్, పైన లడాఖ్‌లోని లేహ్. జిన్నారం, బొంతపల్లి, నర్సాపూర్ అడవి, తూప్రాన్, అక్కడ పెద్ద రోడ్డు ఎక్కితే నాగ్‌పూర్. ఆపైన ఊళ్ల పేర్లు జార్ఖండ్ అతను హిందీలో చెబుతుంటే మా ఆయన తెలుగులో రాసేవాడు. గోడ చాలక శ్రీనగర్ తర్వాతి ఊళ్లన్నీ నీళ్ల ట్యాంకు మీదికి ఎక్కాయి. వాన పడితే దారి మొత్తం కొట్టుకుపోయేది. తెల్లారి మళ్లీ మొదటి నుంచి గీసేవాడు. విసుగనేది లేదు.

మొదటి మజిలీ బొంతపల్లి అని పెట్టాడు. ఇంటి నుంచి బండి మీద గంట కూడా పట్టదు. "ఇంట్ల చాయి తాగి బయల్దేరి బొంతపల్లిల మల్ల చాయి తాగుడేంది? గిట్లైతే లేహ్ పోయేసరికి నాకు రిటైర్మెంటొస్తది" అని ఎగతాళి చేశాను. ఆయన మొదట పనికి చేరింది బొంతపల్లి దగ్గరి ఒక చిన్న యూనిట్లోనే. వీరభద్రుడి గుడికి పోయే దారిలో ఒక చాయ్ హోటలుండేది. ఇలాచీ దంచి వేసేవాళ్లు. "ఆ వాసన ఇంకా యాదికున్నది" అన్నాడు. ఆయనకు గుర్తున్న ఆఖరి వాసనల్లో అదొకటని అప్పుడే తెలిసింది. దాంతో ఎగతాళి మానేశాను. బొంతపల్లి గోడ మీద అలాగే ఉండిపోయింది.

ప్లాను అంటే మాటలా! సెకండ్ హ్యాండ్‌లో ఒక పెద్ద బండి కొన్నాడు. రెండువైపులా వేలాడేసే సంచులు కొనడం దండగని, కంపెనీలో పౌడర్ నింపే జంబో బ్యాగు గుడ్డ తెచ్చి కుట్టమన్నాడు. సర్ఫులో నానబెట్టి, ఎండేసి, మళ్లీ నానబెట్టినా దాని వాసన పోలేదు. "వాసన లేని ఊరికి ఈ వాసన మోసుకపోతవా?" అని విసిరికొట్టాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. సంచులు పటాన్‌చెరు సంతలోనే కొన్నాం.

బెల్లం సంగతి కూడా చెప్పాలి. పౌడర్ సెక్షన్ వాళ్లకు రోజూ షిఫ్టు అయ్యాక కంపెనీలో ఒక బెల్లం ముక్క ఇస్తారు. అది తింటే గొంతులోకి పోయిన దుమ్మంతా కిందికి జారిపోతుందని వాళ్ల నమ్మకం. సూపర్వైజర్ల నుంచి స్వీపర్ల దాకా అందరికీ అదే నమ్మకం. మా ఆయన సగం తిని సగం కాగితంలో చుట్టి తెచ్చేవాడు. మా ఇంట్లో చాయి ఎన్నో ఏళ్లు ఆ బెల్లంతోనే కాగింది. దగ్గొచ్చినా బెల్లమే, ఆయాసమొచ్చినా బెల్లమే. లడాఖ్ కొండల మీద ఊపిరాడదని జార్ఖండ్ అతను చెబితే, మా ఆయన భరోసాగా డబ్బా చూపించాడు. "ఇగో, గిది నోట్లె పెట్టుకుంటే ఏం గాదు." ఆ డబ్బా నిండా కంపెనీ బెల్లమే.

మా తమ్ముడు కూడా అదే కంపెనీ, అదే సెక్షన్, వేరే షిఫ్టు. తన బండి మీద మాతో వస్తానన్నాడు. మొదట్లో వాడే ఎక్కువ వేళాకోళం చేసేవాడు. "ఊదు కాలేది లేదు, పీరు లేచేది లేదు. గోడ మీద గీసుకుంట కూసోండ్రి" అనేవాడు. మే నెల షట్‌డౌన్‌లో సెలవు ఖాయమయ్యాక వాడికీ నమ్మకం కుదిరింది. షట్‌డౌన్ అంటే కంపెనీ యంత్రాలన్నీ ఆపి బాగుచేసుకునే రోజులు. మాలాంటి ఇళ్లల్లో ఊరికి పోవాలన్నా, పెళ్లి పెట్టుకోవాలన్నా ఆ రోజుల్లోనే. చర్చిలో పాస్టరుగారు కూడా ఆదివారం ప్రార్థనలో, "ఉత్తర దేశానికి బయలుదేరుతున్న మన సహోదరుని కుటుంబం కొరకు" అని మా ప్రయాణాన్ని దేవుడికి ఒప్పజెప్పడం మొదలుపెట్టారు. ముసలమ్మలు దారిలో తినమని సకినాలు తెస్తామన్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ముందొకసారి దగ్గర్లో కొండెక్కి చూద్దామన్నాను నేను. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ముగ్గురం అనంతగిరికి వెళ్లాం. సదాశివపేట దాటి, వికారాబాద్ మీదుగా. బండి నడిపినంతసేపు ఆయన పెళ్లికొడుకులా ఉన్నాడు. వెనక కూర్చుని నేను ఆయన వీపుకు తల ఆనించాను. ఎదురుగాలికి వాసనలన్నీ కొట్టుకుపోతున్నాయి. ఆ ఒక్క పూట నాకు నిజంగానే మేం వెళ్తామనిపించింది.

అనంతగిరిలో బండ్లు పైన పెట్టి కాలిబాటన లోయలోకి దిగాం. దిగేటప్పుడు బాగానే ఉన్నాడు. ఎక్కేటప్పుడు పదడుగులకోసారి ఆగడం మొదలైంది. బూట్లు బరువన్నాడు. ఎండన్నాడు. బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. సగం దారిలో ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. నోరు తెరిచి, భుజాలు ఎగరేస్తూ గాలి లాక్కుంటున్నాడు. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. నేను భయపడి వీపు రాస్తున్నాను. మాకంటే పెద్ద వయసు వాళ్లు మమ్మల్ని దాటి మాట్లాడుకుంటూ ఎక్కిపోతున్నారు.

"ఏందిరా ఇది? మొన్నటి మెడికల్లల ఫిట్టని రాసిన్రు గద! కార్డు నేనే సూసిన" అన్నాను తమ్ముడితో.

వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. రెండోసారి గద్దించాను.

"అక్కా, ఆ గొట్టం ఊదింది నేను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వాడు చెప్పుకొచ్చాడు. ఏడాదికోసారి కంపెనీకి మెడికల్ బండి వస్తుంది. అందరి చేతా ఒక గొట్టంలోకి ఊదిస్తారు. ఊపిరి ఎంత గట్టిగా ఉందో మిషన్ చెబుతుంది. తక్కువొస్తే పౌడర్ సెక్షన్ నుంచి తీసేస్తారు. కాంట్రాక్టు వాడైతే గేటు బయటికే. అందుకని ఊపిరి లేనివాడి బదులు ఉన్నవాడు ఊదుతాడు. టోపీ, మాస్కు, ఆ తెల్ల డ్రెస్సు వేసుకుంటే ఎవరు ఎవరో కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. వాడి నంబరు చెప్పి వీడు ఊదేసి వస్తాడు. మా తమ్ముడు చిన్నప్పటి నుంచి చర్చి బ్యాండులో బాకా ఊదేవాడు. క్రిస్మస్ ఊరేగింపులో వాడు బాకా ఎత్తాడంటే సంగారెడ్డి చౌరస్తా దాకా వినిపిస్తుందని మా నాన్న మురిసిపోయేవాడు.

"మా సెక్షన్ల సగం మంది ఊపిరి నాదే అక్కా" అన్నాడు వాడు. "బావది నాలుగైదేండ్ల సంది నేనే ఊదుతున్న. అందరం గట్లనే జేస్తం. తప్పనుకోలే."

చేతిలో ఉన్న హెల్మెట్‌తో వాడిని కొట్టాను. భుజం మీద, వీపు మీద, ఎక్కడ తగిలితే అక్కడ. వాడు తప్పుకోలేదు. మా ఆయన రాయి మీద నుంచే చెయ్యెత్తి వద్దని సైగ చేశాడు. మాట రావడం లేదు ఆయనకు. కాసేపటికి ఊపిరి కూడగట్టుకుని అన్నాడు, "వాణ్ని ఏమనకు. నేనే ఊదమన్న."

సంగారెడ్డిలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. అక్కడా గొట్టమే. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, ఒకసారి చూసి, అలవాటు కొద్దీ పక్కనున్న మా తమ్ముడి వైపు చాచాడు. మరుక్షణమే తెలుసుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.  మా తమ్ముడు లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను కిటికీ లోంచి చూశాను. చెప్పుల స్టాండు దగ్గర గోడకు తల పెట్టుకుని ఏడుస్తున్నాడు.

మా ఆయన ఊదాడు. డాక్టరు మళ్లీ ఊదమన్నాడు. మళ్లీ ఊదాడు. "ఇంకా, ఇంకా" అని డాక్టరు అంటున్నాడు గానీ లోపల ఉంటే కదా రావడానికి. ఏళ్ల తరబడి పోయిన పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని అవి గట్టిపడ్డాయని, పోయినంత మేర తిరిగి రాదని, ఆ పని వెంటనే మానేయాలని డాక్టరు మెల్లగా చెప్పాడు. మా ఆయన అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"సార్, మే నెల్ల లడాఖ్ పోదామనుకుంటున్నం. బండి మీద. జూన్లకు మార్చుకుంటే నడుస్తదా?"

డాక్టరు నా వైపు చూశాడు. అంత ఎత్తుకు మామూలు మనుషులే ఇబ్బంది పడతారని, మా ఆయన వెళ్తే తిరిగి రావడం కష్టమని చెప్పాడు. మే అయినా జూన్ అయినా అంతేనన్నాడు.

ఉద్యోగం పోయింది. రోజంతా ఇంట్లోనే ఉండేవాడు. ప్లాను మాత్రం ఆగలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి డాబా మీద సుద్దముక్కతో కూర్చుని ఉండేవాడు. మెట్లెక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చేది, అయినా ఎక్కేవాడు. చర్చిలో కూడా మా కోసం ప్రార్థన ఆగలేదు. "ఇగ వద్దు అయ్యగారూ, మేం పోతలేం" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట నా నోటికి రాలేదు. ప్రతి ఆదివారం మా ఉత్తర ప్రయాణం క్షేమంగా సాగాలని పాస్టరుగారు ప్రార్థించడం, మేమిద్దరం తలవంచుకుని ఆమెన్ అనడం. బయటికి రాగానే ఎవరో ఒకరు "ఎప్పుడు పోతున్రు?" అని అడిగేవాళ్లు. "వచ్చే షట్‌డౌన్ల" అనేవాడు మా ఆయన. ఆయనకు కంపెనీ లేదు, షట్‌డౌన్ లేదు. అడిగినవాళ్లకు ఆ సంగతి తెలుసు. తెలిసీ తలూపేవాళ్లు.

ఒకరోజు తమ్ముణ్ని పిలిపించి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. బాగా ఆలోచించి పెట్టుకున్న మాటే చెప్పాడు. "మీ ఇద్దరు పోయిరాండ్రి. నా బదులు వీడు బండి నడుపుతడు. నువ్వు ఆడ గాలి పీల్చుకుని వచ్చి ఎట్లున్నదో నాకు జెప్పు. నేను పోయినట్టే."

ఒళ్లు మండిపోయింది నాకు. కోపమో దుఃఖమో ఇప్పటికీ చెప్పలేను. "ఒకరి బదులు ఒకరు ఊదిందానికే గద బతుకు గిట్లైంది! ఇగ చాలు. నీ బదులు ఎవ్వరు ఏం పీల్చరు. నీ ఊపిరి నువ్వే తీస్కో" అని అరిచాను. మా తమ్ముడి మొహం పాలిపోయింది. మా ఆయన తల దించుకుని, "సరే" అన్నాడు. అంత మాట అనాల్సింది కాదు. కానీ అనేశాను.

ఆ తర్వాత రెండు రోజులు ఆయన డాబా ఎక్కలేదు. నాకు ఇంట్లో నిలవలేని పరిస్థితి. మూడోనాడు నేనే తమ్ముడికి ఫోను చేసి, నాకు ఆ పెద్ద బండి నేర్పమన్నాను. కర్దనూర్ దగ్గర ప్లాట్లు చేసి వదిలేసిన ఖాళీ రోడ్లున్నాయి. అక్కడ నేర్చుకున్నాను. చున్నీ నడుముకు బిగించి కట్టి, ఆ వయసులో, మోకాళ్లు చీరుకుపోయేలా రెండుసార్లు కంకరలో పడ్డాను. మా బడి పిల్లలు ఎక్కడి నుంచి చూశారో, మరునాడు క్లాసులో అందరూ నన్ను కొత్తగా చూస్తున్నారు. ఒకడైతే ధైర్యం చేసి, "టీచర్, క్లచ్ మెల్లగ ఇడవాలె" అన్నాడు.

బండి నా చేతికొచ్చాక ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఆయనను వెనక కూర్చోమన్నాను. ఎక్కడికని అడిగాడు. "మొదటి మజిలీ" అన్నాను. జిన్నారం మీదుగా మెల్లగా బొంతపల్లికి తీసుకెళ్లాను. ఆయన చెప్పిన హోటలు ఇంకా ఉంది, కొడుకు నడుపుతున్నాడు. చాయి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. "ఇలాచీ ఉన్నదా?" అని అడిగాడు. "ఉన్నది. దండిగ ఏసిన్రు" అన్నాను. నిజంగానే ఉంది. తాగి వెనక్కి వచ్చేశాం.

అదే మాకు అలవాటైంది. ప్రతి ఆదివారం లేహ్‌కు బయల్దేరేవాళ్లం. బొంతపల్లి దాకా వెళ్లి, చాయి తాగి, తిరిగొచ్చేవాళ్లం. పెద్ద ప్రయాణంలో మేం అన్నిసార్లు పూర్తిచేసిన ముక్క అదొక్కటే. వెనక కూర్చున్న ఆయన ఊపిరి నా మెడ మీద తెలిసేది. దాన్ని బట్టే బండి వేగం పెంచడం, తగ్గించడం. ఒక్కో నెల గడిచేకొద్దీ ఆ ఊపిరి పొట్టిగా అవుతూ వచ్చింది. జార్ఖండ్ అతను మరుసటి ఎండాకాలంలో మళ్లీ లడాఖ్ పనికి వెళ్లిపోతూ, ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. మా ఆయన ప్రయాణానికని కొనుక్కున్న మందపాటి చేతిగ్లౌజులు అతనికిచ్చేశాడు. అవి ఇచ్చేశాక ఇక దారి గీయలేదు. వానలకు గోడ తెల్లబడి అలాగే ఉండిపోయింది.

ఆఖరిసారి వెళ్లింది వానాకాలం మొదట్లో. అప్పటికే ఇంట్లో ఆక్సిజన్ మిషన్ వచ్చింది, రోజులో సగం దాని పక్కనే. బయటికి వద్దన్నాను. వినలేదు. తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. తమ్ముడు తన బండి మీద చిన్న సిలిండరు పట్టుకుని వెనకాల వచ్చాడు. బొంతపల్లిలో చాయి సగం కూడా తాగలేకపోయాడు. నేను బండి ఇంటివైపు తిప్పబోతుంటే భుజం మీద చెయ్యేశాడు.

"ఇయ్యాల జెర ముంగటికి పోనియ్."

గుమ్మడిదల దాటించి నర్సాపూర్ అడవి దాకా పోనిచ్చాను. రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు, వాన కడిగిన ఆకులు. చెట్ల మధ్య చదునుగా ఉన్నచోట ఆపి, తమ్ముడూ నేనూ చెరో రెక్కా పట్టుకుని ఒక చెట్టు మొదట్లో కూర్చోబెట్టాం. తమ్ముడు సిలిండరు గొట్టం ఆయన మొహానికి తగిలించాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరు.

కళ్లు తెరిచి నా వైపు చూశాడు. ఆదివారం పొద్దున గడప దగ్గర నిలబడి చూసినట్టే చూశాడు.

"టీచరమ్మా, జెర సూడు. వస్తున్నదా?"

గాలి మా వెనక నుంచి, బొంతపల్లి వైపు నుంచి, ఇస్నాపూర్ వైపు నుంచి వీస్తోంది. బండి ఆపుతున్నప్పుడే నాకు తెలిసింది. అదే వాసన. తడి ఆకుల వాసన మీద సన్నగా, అంత దూరం మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినట్టు. పక్కన మా తమ్ముడికీ తెలుస్తోంది. వాడు నా మొహంలోకి చూస్తున్నాడు.

"లేదు" అన్నాను. "ఏ వాసన లేదు."

"జెర గూడ?"

"జెర గూడ లేదు. గాలి ఖాలీగ ఉన్నది."

తమ్ముడు తల దించుకున్నాడు. మా ఆయన మొహం విప్పారింది. ఎన్నాళ్ల తర్వాతో అలా నవ్వాడు. "సూసినవా, చెప్పిన గద" అన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, నా చెయ్యి పట్టుకుని, "ఇగ పీల్చుకో. నీ కోసమే గద వచ్చింది. మంచిగ పీల్చుకో" అన్నాడు.

నేను పీల్చుకున్నాను. ఆయన చూస్తుండగా, గుండెల నిండా పీల్చుకున్నాను.